మోకాలి ఎత్తు ఫోటో

గోదావరిఖని,
13 ఏప్రిల్ 2025, ఆదివారం

అఖండ అటవీ సామ్రాజ్య పాలకురాలు, పులులకు పెద్దక్క, దుప్పులకు చిన్నమ్మ, నాకు మాత్రం ఒక్కగానొక్క తోడబుట్టినది అయిన శాలిని అక్క సముఖమునకు,

తమ్ముడు ఎలీషా, డిగ్రీ రెండవ శ్రేణి, ఉద్యోగం ఇంకా ఏ శ్రేణీ కాదు, రాయునది.

నీ నల్లబండ బేస్ క్యాంపుకు సెల్ సిగ్నల్ రాదు. రాజులు పావురాలతో పంపేవారు. నేను సోమవారం రేషన్ జీపు తోలే కొమురెల్లి అన్నతో పంపుతున్నా. బియ్యం బస్తాకూ ఉల్లిగడ్డ సంచికీ మధ్య నలిగి వస్తుంది నా ప్రేమ, సర్దుకో. ఆయన రాత్రి అక్కడే పడుకుని మంగళవారం దిగుతాడు కాబట్టి జవాబు రాయడానికి నీకు బోలెడు టైముంది, బహానాలు చెప్పకు.

విషయం నీకు వైర్‌లెస్‌లో తెలిసే ఉంటుంది. గుండేటి సదానందం పారిపోయాడు. గురువారం జైలు నుంచి కోర్టుకు తెస్తుంటే దారిలో చాయ్ కోసం ఆపారట. వాడు ఒంటేలుకని దిగి, కంప దాటి, మీ కుంటలమడుగు పులుల అడవిలో దూరాడు. ముళ్లకు వాడి చొక్కా వేలాడుతూ దొరికింది. ఆ చొక్కాను ఈ మూడు రోజుల్లో ఊరంతా ఫోన్లలో చూసింది. వాడి పెళ్లిలో వాడిని కూడా అంతమంది చూసి ఉండరు.

ఖనిలో ఇప్పుడు రెండే పార్టీలు. ఒకటి పులి పార్టీ, రెండోది పోలీస్ పార్టీ. ఓడినవాళ్లు బిర్యానీ తినిపించాలి. అన్వర్ భాయ్ మెకానిక్ షెడ్డు దగ్గర నిన్న జరిగిన మహాసభలోంచి ఒక ముక్క:

"గంత బలిసినోన్ని పులి ఇడ్శిపెడ్తదానే?"

"ఇడ్శిపెడ్తది భాయ్. పులి తన పానం బాగ సూస్కుంటది. గసొంటి కల్తీ సరుకు ముట్టది."

నా దోస్తు ప్రశాంత్ తన యూట్యూబ్ చానెల్లో రోజుకు ఆరుసార్లు 'బ్రేకింగ్' అంటున్నాడు. అడవి గేటు ముందు నిలబడతాడు. వెనక కుక్క మొరుగుతుంది. "గాండ్రింపు విన్నారు కదా" అంటాడు.

అందరూ అన్నీ చెప్తున్నారు అక్కా. వాడికి తొమ్మిది టిప్పర్లు, ఇసుక చెక్‌పోస్ట్ దగ్గర కానిస్టేబుల్ చెయ్యి విరగ్గొట్టి లోపలికి పోయాడు, అన్నీ. బాపు పేరు ఒక్కడూ ఎత్తడం లేదు. అందుకే నీకు తెలిసిందే మళ్లీ రాస్తున్నా, కాగితం మీదైనా ఉండాలని. మన బాపు సామ్యేల్, షాట్ ఫైరర్, ముప్పై నాలుగేళ్లు బాయిలో బొగ్గు పేల్చినవాడు, సెంటినరీ కాలనీలో బడి విడిచే టైముకు తుఫానులా వచ్చిన టిప్పర్ని ఆపి, తాళంచెవి గుంజి, అందరి ముందు మురికినీళ్ల మోరీలో వేశాడు. స్టీరింగు ముందున్నది సదానందమే. పదిహేనో రోజు కమాన్‌పూర్ రోడ్డు మీద అదే టిప్పర్ వెనక్కి వచ్చి బాపును తొక్కింది. వెనక్కి! పక్కనే ఉన్నది బాపు జోడీ, మన పోశం కాక. ముప్పై ఏళ్లు ఒకే డబ్బాలో అన్నం తిన్న మనిషి. స్టేషన్లో ఏం చెప్పాడు? "దుమ్ముల కనవడలె సారూ." కేసు యాక్సిడెంట్ అయింది. పద్నాలుగు నెలలైంది.

కాబట్టి నీకు నా విన్నపం ఒక్కటే. ఆడపులి ఏ పూట ఎక్కడ ఉంటుందో నీకు తెలుసు. పోలీసులను ఎడమకు పంపు. వాడిని కుడికి వదిలెయ్.

ఇట్లు,
బొగ్గు ధూళి కలిసిన నీ పాదధూళి,
ఎలీషా


నల్లబండ బేస్ క్యాంపు,
14 ఏప్రిల్, సోమవారం

ఒరేయ్ ఎలీషా,

నీ ఉత్తరం ఉల్లిగడ్డ వాసనతో ముట్టింది. చదివి నవ్వాను. చివరి పేరా దగ్గర నవ్వు ఆగింది. నువ్వు ఎక్కడ జోకు ఆపుతావో నాకు ఇరవై మూడేళ్లుగా తెలియదు, ఇదీ జోకే అనుకుంటున్నా.

ఇక్కడ నలభై మంది పోలీసులు, రెండు కుక్కలు. పులి వాసన తగలగానే కుక్కలు జీపు కిందికి దూరి రావడం లేదు. డ్రోన్ ఎగరేస్తే కొండముచ్చులు చెట్ల మీది నుంచి కాయలు విసురుతున్నాయి. నీ దోస్తులాంటి వాళ్లు గేటు దగ్గర ముప్పై మంది. వాళ్లకు ఇది జాతర. నా బీటులో మూడు పిల్లలతో ఉన్న ఆడపులి ఉందని, పిల్లలున్న పులి మనిషిని చూస్తే ఆగదని ఎన్నిసార్లు చెప్పినా, "మేడమ్, ఒక బైట్ ఇయ్యరా" అంటారు.

పులి నేను పంపితే పోయే మనిషి కాదురా. సదానందాన్ని పట్టుకోవాలంటే నీళ్ల దగ్గరే. ఏప్రిల్‌లో వాగులన్నీ ఎండాయి. నా బీటులో జంతువుల కోసం కట్టిన సిమెంటు నీళ్ల తొట్లు, సాసర్లంటాం, రెండే ఉన్నాయి. సోలార్ మోటార్లతో నిండుతాయి. పెద్ద సాసరు రోడ్డు పక్కన, దాని చుట్టూ పోలీసులు. రెండోది లోపల ఇప్పచెట్ల దగ్గర. పులి పిల్లలు నీళ్లు తాగేది అక్కడే, అందుకని పోలీసులను కూర్చోనివ్వలేదు. అక్కడ కెమెరా కట్టాం. పులుల కోసం కట్టే కెమెరా గదా, మోకాలి ఎత్తులో ఉంటుంది. మనిషి పోతే కాళ్లు మాత్రమే పడతాయి. కాళ్లు పడినా సరే, కార్డు రేంజ్ ఆఫీసుకు అప్పగించాలి. అది నా డ్యూటీ.

వాడు ప్రాణంతో దొరకాలి. దొరికితేనే బాపు కేసు గురించి ఎవరైనా అడుగుతారు. నాకు కోపం లేదని అనుకోకు.

అమ్మ బీపీ గోలీలు వేసుకుంటోందా? నువ్వు అడవి వైపు రాకు.

అక్క


గోదావరిఖని,
20 ఏప్రిల్, ఈస్టర్ ఆదివారం

చట్టము, ధర్మము, అటవీ నిబంధనావళి అను ముగ్గురమ్మల ముద్దుబిడ్డ శాలిని గారికి,

అమ్మ గోలీలు వేసుకుంటోంది. చర్చి నుంచి వచ్చి పులావు వండింది. మూడు పళ్లేలు పెట్టి, ఒకటి తీసేసింది. నేను చూడనట్టు నటించాను, ఆమె నేను చూడలేదన్నట్టు నటించింది. మన కుటుంబంలో నటులకు కొదువ లేదు.

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివా. "వాడు ప్రాణంతో దొరకాలి." ఎంత చక్కటి వాక్యం! కోర్టు గోడ మీద రాయించొచ్చు. వాడు ప్రాణంతో దొరుకుతాడు, బెయిల్ మీద వస్తాడు, చౌరస్తాలో మనల్ని చూసి హారన్ కొడతాడు. నిరుడు కొట్టలేదా? అమ్మ కూరగాయల సంచి కింద పడేసుకుని అక్కడే కూర్చుండిపోలేదా? నువ్వు అడవిలో ఉన్నావు, నీకు పులులే కనపడతాయి. నాకు ఆ హారన్ వినపడుతుంది.

నాది జోకనుకున్నావా? సరే. జోకు రాయడం చేతకాక కాదు, ఈసారి అర్జీ రాస్తున్నా.

అర్జీదారు: ఎలీషా, తండ్రి సామ్యేల్ (లేరు). విషయం: ఇప్పచెట్ల సాసరు. అయ్యా, తమరు ఎవరినీ చంపనక్కర లేదు. పులికి చెప్పనక్కర లేదు. ఒక్క మోటారు స్విచ్చు ఆపితే చాలు. పెద్ద సాసరుకు వస్తే పోలీసులకు దొరుకుతాడు, రాకపోతే ఎండకు దొరుకుతాడు. రెండింటికీ తమరి చేతులకు తడి అంటదు. ఇందుకు ఎల్లప్పుడూ కృతజ్ఞుడను.

ఇంకొక నేరం ఒప్పుకుంటున్నా, ముందే తిట్టుకో. నీ ఉత్తరంలోని రెండో సాసరు సంగతి ప్రశాంత్ దగ్గర నోరు జారాను. "ఎవ్వనికి చెప్ప, నీ మీదొట్టు" అన్నాడు. ఎవ్వరికీ చెప్పలేదు, నిజమే. చానెల్లో చెప్పాడు. నిన్న ముగ్గురిని వెంటేసుకుని మీ వైపు బయల్దేరాడని ఇప్పుడే తెలిసింది.

ఇట్లు,
సవినయ అర్జీదారు,
ఎలీషా


నల్లబండ,
21 ఏప్రిల్, సోమవారం

ఎలీషా,

ముందు నీ దోస్తు సంగతి. శనివారం కంచె కింద నుంచి దూరి నలుగురూ ఇప్పచెట్ల దాకా పోయారు. ప్రశాంత్ సెల్ఫీ కర్రతో వీడియో తీస్తుంటే ఆడపులి పొదలోంచి లేచింది. వాడు చెట్టెక్కాడు. వాడి వెంట వచ్చిన పిల్లవాడు కర్ర అందుకోబోయి కింద ఉండిపోయాడు, తొడ చీలిపోయింది. మేం పోయేసరికి పులి లేదు, వాడు రక్తంలో ఉన్నాడు, పైన ప్రశాంత్ ఏడుస్తూనే "సబ్‌స్క్రైబ్ చెయ్యండి" అన్నాడట, నోటికి అదే వచ్చింది. పిల్లవాడు బతికాడు. నీ నోటికి తాళం వెయ్యి, బాపు అయితే తాళంచెవి మోరీలో వేసేవాడు.

దీని తర్వాత ఇప్పచెట్ల వైపు అందరినీ బంద్ చేశారు. నేనొక్కదాన్నే పోయి కెమెరా కార్డు మార్చాలి. ఇవాళ పొద్దున పోయాను.

కార్డులో కాళ్లు ఉన్నాయి.

శనివారం పొద్దుటి ఫోటో, ఆ గొడవకు ముందుది. మోకాలి కింద నుంచి మాత్రమే. మట్టి పట్టిన ప్యాంటు. కాళ్లకు బాయి బూట్లు. కంపెనీ ఇచ్చే బూట్లు ఈ బొగ్గు బెల్టులో వెయ్యి మందికి ఉంటాయి, నాకు తెలుసు. కానీ లేసుల బదులు డిటోనేటర్ వైరు ఉంది. పసుపూ నీలమూ కలిపి, నాలుగు పాయల జడ. ఆ జడ బాపు తప్ప ఎవరూ అల్లరు. నా బడి సంచికి అదే, నీ గోలీల సంచికి అదే, బాపు బూట్లకు అదే.

ఆ రోజు బాపును ఇంటికి తెచ్చినప్పుడు కాళ్లకు బూట్లు లేవు, గుర్తుందా? దవాఖానలో పోయి ఉంటాయన్నారు. ఎక్కడికి పోయాయో ఇప్పుడు తెలిసింది. తొక్కి చంపినవాడు బూట్లు కూడా విప్పుకుని, తొడుక్కుని, నా అడవిలో నా నీళ్లు తాగుతున్నాడు.

నీ అర్జీ నాకు ముట్టకముందే మంజూరైంది. పొద్దున్నే మోటారు ఆపాను. సాసరులో ఉన్న నీళ్లు బిరడా తీసి వదిలేశాను. గుట్ట మీద ఒక పాత చెలమ ఉంది, కిందటి వారమే పూడిక తీయించాం. జంతువులకు ఆ దారి తెలుసు. మనిషికి తెలియదు.

కార్డు నా ట్రంకు పెట్టెలో ఉంది. రేంజ్ ఆఫీసుకు ఖాళీ కార్డు పంపాను. తొమ్మిదేళ్ల సర్వీసులో మొదటి అబద్ధం. 

ఈ ఉత్తరం చదివి కాల్చెయ్.

శాలిని


గోదావరిఖని,
22 ఏప్రిల్, మంగళవారం, మధ్యాహ్నం

న్యాయదేవతా! కళ్లకు గంతలు విప్పి, స్విచ్ బోర్డు దగ్గరికి నడిచిన మహాతల్లీ!

కొమురెల్లి అన్న కవరు ఇచ్చి ఇంకా గేటు దాటలేదు, నేను రాయడం మొదలుపెట్టాను. నిన్ను నిబంధనావళి బిడ్డ అన్నందుకు చెంపలేసుకుంటున్నా. నిన్న పొద్దున ఆపావంటే ఇప్పటికి ఒకటిన్నర రోజు. నలభై నాలుగు డిగ్రీలు. వాడి నాలుక అంగిట్లో అంటుకోవాలి. నీళ్లనుకుని ఎండమావి వెంట పరుగెత్తాలి. ఒక్కో అడుగుకు ఒక్కో టిప్పరు గుర్తు రావాలి. బాపు బూట్లు వాడి కాళ్లను కొరకాలి, పొక్కులు రావాలి, పొక్కులు పగలాలి. నేను ఇంత దుర్మార్గుడినని నాకే తెలియదు, ఎంత హాయిగా ఉందో. నీ ఉత్తరం అమ్మకు పైకి చదివి వినిపిస్తున్నా, ఆమెకూ కాస్త

(ఈ కాగితం వెనక పక్క. రేంజ్ ఆఫీసు నుంచి, సాయంత్రం నాలుగు దాటింది)

అక్కా, జోకులు లేవు. అమ్మ బియ్యం ఏరుతూ వింటోంది. పసుపు వైరు, నాలుగు పాయల జడ అనగానే చేట కింద పెట్టింది.

"ఆ బూట్లు పోశంకు ఇచ్చిన గదరా."

"ఏ బూట్లు?"

"బీరువ కింద ఉండె, బాపు రెండో జత. మట్టి అయిన మూడో నాడు ఇచ్చిన. జోడీగాడు తొడుక్కుంటె ఆయన నడిశినట్టుంటదని. అక్క జరంతోని పండుకున్నది, నువ్వు మందులకు పోయినవ్. ఐదో నాడు గద మనకు తెల్సింది, వాడు స్టేషన్ల ఏం జెప్పిండో."

నేను చెప్పులు కూడా వేసుకోకుండా పోశం కాక ఇంటికి ఉరికాను. పద్నాలుగు నెలల తర్వాత ఆ గడప తొక్కడం. కాక భార్య సారవ్వ చిన్నమ్మ నన్ను చూసి నిలబడిపోయింది. కాక కిందటి బుధవారం శ్రీరాంపూర్‌లో బిడ్డ దగ్గరికి పోతున్నానని చెప్పి వెళ్లాడట. ఫోన్ చేశాం. బిడ్డ దగ్గర లేడు. రానేలేదు. గోడకుండే గొడ్డలి లేదు. రొట్టెలు పన్నెండు కట్టించుకుని పోయాడట. బిడ్డ ఇంటికి పోయేవాడికి పన్నెండు రొట్టెలు ఎందుకని ఆమె అడగలేదు.

సదానందాన్ని నరకడానికి పోయాడు అక్కా. ఆ కాళ్లు కాకవి.

ఇక్కడ రేంజర్‌కు పోశం అనే ముసలాయన అడవిలో చిక్కుకున్నాడని చెప్పాను. నీళ్ల సంగతి చెప్పలేదు. వైర్‌లెస్ ఆయనతో నీకు ఒక్క ముక్క చెప్పమన్నా: "ఆ బూట్లు అమ్మ పోశం కాకకు ఇచ్చింది." ఆయన నా మొహం చూసి, "గిది ఎమర్జెన్సీ మెసేజా తమ్మీ? బూట్ల ముచ్చటా?" అన్నాడు. చిన్నమ్మ ఆయన కాళ్ల మీద పడింది. అప్పుడు చెప్పాడు. అవతల నుంచి సెట్టు కింద పడిన చప్పుడు మాత్రం వచ్చిందట.

స్ట్రెచరుతో జీపు వస్తోంది. ఇది అందులో పంపుతున్నా. జల్ది పో.

ఎలీషా


నల్లబండ,
25 ఏప్రిల్, శుక్రవారం

ఎలీషా,

డ్రోన్ బండి దిగుతోంది, దానితో పంపుతున్నా.

మంగళవారం పొద్దు గూకకముందే దొరికాడు. ఇప్పచెట్ల సాసరుకు రెండు వందల గజాల దూరంలో, పొదకింద. ఎండిన సాసరు అడుగు తడిమిన వేళ్ల గుర్తులు సిమెంటు మీది నాచులో ఉన్నాయి. ఐదు వేళ్లూ విడివిడిగా. అవి చూశాక నేను పరుగెత్తాను. వాచర్లు వెనకే ఉండిపోయారు.

ఒక బూటు విప్పి తలకింద పెట్టుకున్నాడు. నాలుక ఉబ్బి నోట్లో పట్టడం లేదు. ఆయన చుట్టూ ఆడపులి అడుగులు. ఇరవై అడుగుల దూరంలో అది కూర్చున్న చోటు, గడ్డి ఇంకా నలిగే ఉంది. ఎందుకు ముట్టలేదో నాకు తెలియదు. అది ఆయన్ని వదిలిపెట్టింది. ఆయన నీళ్లు ఆపింది నేను.

గుడ్డ తడిపి పెదాలకు అద్దితే కళ్లు తెరిచాడు. "పులనుకున్న బిడ్డా" అన్నాడు. కాసేపటికి, "వాడు దొరికిండా?" అన్నాడు. లేదన్నాను. "ఏడికి పోతడు, నీళ్లకు రావాలె గద. కూసున్న. నీళ్లే పోయినయ్" అన్నాడు. గొడ్డలి పిడి వదలకుండానే అన్నాడు, వేళ్లు ఒక్కొక్కటిగా విప్పాల్సి వచ్చింది.

మోటారు వేశాను. సాసరు నిండేదాకా అక్కడే నిలబడ్డాను. రేంజర్ అడిగాడు, మోటారుకు ఏమైందని. వైరు ఊడిందన్నాను. రెండో అబద్ధం. 

కాకకు ఎట్లా ఉందో రాయి. ఏదీ కలపకుండా రాయి.

శాలిని


గోదావరిఖని,
27 ఏప్రిల్, ఆదివారం

అక్కా,

కలపకుండానే రాస్తున్నా. కాకకు సెలైన్లు ఎక్కుతున్నాయి. కిడ్నీలు మొదట మొండికేశాయి, నిన్నటి నుంచి దారికి వస్తున్నాయి. డాక్టర్ ప్రాణభయం లేదన్నాడు. అమ్మ రోజూ గంజి తీసుకుపోతోంది. మొదటి రోజు మంచం దగ్గర గిన్నె పెట్టి, మాట్లాడకుండా తిరిగి వచ్చింది. రెండో రోజు, "మూత గట్టిగ ఉన్నది, సూస్కో" అంది. అది పద్నాలుగు నెలల తర్వాత మొదటి మాట.

ఇక అసలు వార్త. దీనికి కలపాల్సిన అవసరమే లేదు, దేవుడే కలిపి పెట్టాడు. సదానందం నిన్న దొరికాడు. అడవిలో కాదు. మన బస్టాండు వెనక, షామియానాలు అద్దెకిచ్చే కొట్టు పైగదిలో. వాడు అడవిలో పావుగంట కూడా లేడట. చొక్కా ముళ్లకు తగిలించి, కంప వెంటే అవతలికి పోయి, బనీను మీదనే బస్సెక్కి అదే సాయంత్రం ఖనికి వచ్చాడు. పదహారు రోజులు పెళ్లి పరుపులు ఆరు వేసుకుని, వాటి మీద పండుకుని, వాడి కోసం జరిగే వేట వాడే ఫోన్లో లైవ్ చూశాడు. 'పులి అభిమాని' అని పేరు పెట్టుకుని కామెంట్లు కూడా రాశాడు. "ఇంకా లోపలికి వెతకండి బ్రదర్" అని ప్రశాంత్‌కు సలహా ఇచ్చింది వాడే.

మీ నలభై మంది పోలీసులు, పులి పార్టీ, కుక్కలు, తొడ చీలిన పిల్లవాడు, కాక, నువ్వు, నేను. అందరం వాడికి సినిమా.

అన్వర్ భాయ్ షెడ్డులో సంతాప సభ జరిగింది. మ్యాచ్ రద్దు, బిర్యానీ ఎవరికీ లేదు.

ఇప్పుడు జాగ్రత్తగా విను. కాక నిన్న నన్ను దగ్గరికి పిలిచి, "మెజిస్ట్రేట్‌కు చెప్త. దుమ్ము లేదు ఆ రోజు. వాడు అద్దంల సూశి, వెనుకకు కొట్టిండు. అదే నాడు మా ఇంటి ముందట టిప్పరు ఆపి రాత్రంత ఇంజన్ బంద్ చెయ్యలె. భయమైంది" అన్నాడు. వకీలును కలిశాను. పాత కేసు తిరగదోడొచ్చట. సాక్షి ఒక్కడే, అది చాలట.

నువ్వు నిజం ఒప్పుకోవాలని చూస్తున్నావు, నీ అక్షరాలే చెప్తున్నాయి. వద్దు. చచ్చినవాడి బిడ్డ సాక్షికి నీళ్లు బంద్ చేసిందని తెలిస్తే, వాడి వకీలు ఆ ఒక్క ముక్కతో అందరినీ ఉతికి ఆరేస్తాడు. నీ నిజాయితీ వాడికి బెయిలు. వాడికి శిక్ష పడ్డాక నీకు కావాలంటే చౌరస్తాలో మైకు పెట్టిస్తా.

నీ తమ్ముడు,
ఎలీషా


నల్లబండ,
28 ఏప్రిల్, సోమవారం

ఎలీషా,

రేంజర్‌కు చెప్పను, నువ్వన్నది నిజమే. వాడు బయటికి రావడం నాకూ వద్దు. నీకన్నా ఎక్కువ వద్దు.

కానీ కాకకు చెప్పకుండా ఆయనను కోర్టుకు పంపలేను. ఆయన ఏ చేతితో నీళ్లు తాగి బతికాడో, అదే చెయ్యి నీళ్లు ఆపిందని తెలిసి, అప్పుడు కూడా మన కోసం చెప్తానంటే చెప్పాలి. చెప్పనంటే, చెప్పడు. ఆయన రేంజర్‌కు చెప్పమంటే ఆ రోజే చెప్తాను.

ఈ కవరులో ఇంకో కాగితం ఉంది, ఆయనకు. ఆయనకు చదువు రాదు. నువ్వే చదివి వినిపించాలి. ఒక్క జోకు కలపకుండా, ఒక్క ముక్క మింగకుండా. చింపేస్తావేమో, నాకు తెలుసు నీ సంగతి. చింపితే నేనే దిగివచ్చి చెప్తాను.

అక్క


గోదావరిఖని,
11 మే, ఆదివారం

పెద్దమ్మాయి గారికి,

నీ కాగితం నాలుగు రోజులు నా జేబులో తిప్పాను. రెండుసార్లు అగ్గిపుల్ల కూడా గీశాను. ఒకసారి గాలి ఆర్పింది, ఒకసారి నేను ఆర్పాను. శుక్రవారం, రెండో తారీఖు, దవాఖానలో చదివాను. సారవ్వ చిన్నమ్మ పక్కనే ఉంది. నువ్వు రాసినట్టే చదివాను. 'స్విచ్చు ఆపింది నేనే' ముక్క రెండుసార్లు చదివాను, అది జోకు కాదు, లెక్కలోకి తీసుకోకు.

చిన్నమ్మ మంచం పట్టీ పట్టుకుని కూర్చుండిపోయింది. కాక పైకప్పు చూశాడు. ఫ్యాను తిరగడం లేదు, అయినా చూశాడు. తర్వాత అన్నాడు:

"నాకు నీళ్లు బంద్ చేసిందా? లేదు. వానికి చేసింది. నడుమ నేను అడ్డమొచ్చిన."

"కాకా, రేంజర్‌కు చెప్పమంటవా?"

"ఎందుకు? వానికి ఖుషి చెయ్యనీకా?" అని చిన్నమ్మ వైపు తిరిగాడు. "ఏమంటవే?"

చిన్నమ్మ కొంగుతో ముక్కు తుడుచుకుంది. "నాకు శాలినితోని వేరే ముచ్చట ఉన్నది. అది నేను, అది మాట్లాడుకుంటం. ముందుగాల్ల వాడు లోపలికి పోవాలె." కాబట్టి నువ్వు ఒక మనిషి దగ్గర గెలిచావు, రెండో మనిషి దగ్గర బాకీ ఉన్నావు. దిగివచ్చినప్పుడు తిట్లు తినడానికి సిద్ధంగా ఉండు, చిన్నమ్మ తిట్లు బాయి సైరన్‌లా రెండు కాలనీలకు వినపడతాయి.

మొన్న తొమ్మిదో తారీఖు కోర్టుకు పోయాం. మెజిస్ట్రేట్ గదిలోకి కాకను ఒక్కడినే పిలిచారు. యాభై నిమిషాలు. అదే రోజు సదానందాన్ని కూడా రిమాండు పొడిగించడానికి తెచ్చారు. వరండాలో ఎదుటి బెంచీ మీద కూర్చోబెట్టారు. పరుపుల మీద బాగా ఒళ్లు చేశాడు.

ఆ వరండాలో ఎవరున్నారనుకున్నావు? అమ్మ, చిన్నమ్మ, నేను. ఒక్క ఫోను లేదు, ఒక్క మైకు లేదు. శ్రీరాంపూర్‌లో ఎవరి మేడ మీదో చిరుత కనపడిందట, ఊరూరంతా అక్కడికి ఉరికింది. ప్రశాంత్ కూడా, పాపం, ఈసారి నిచ్చెన తీసుకుపోయాడు.

కాక బయటికి వచ్చాడు, కర్ర పట్టుకుని. సదానందం పళ్లు బయటపెట్టి పలకరించాడు.

"ఏం పోశం, పానం మంచిగున్నదా? ఇంటికాడ అందరు మంచిగున్నరా?"

ఆ రెండో ముక్క ఎందుకన్నాడో మా అందరికీ తెలిసింది. చిన్నమ్మ చెయ్యి నా మోచెయ్యి పట్టింది. కాక ఆగాడు. తొందరేమీ లేనట్టు, కర్ర ఈ చేతిలోంచి ఆ చేతికి మార్చుకున్నాడు.

"ఆరు దినాలు పులి పక్కపొంటి పండుకున్నరా సదానందం. ఇగ నువ్వేంది నాకు?"

వాడి పళ్లు లోపలికి పోయాయి అక్కా. నేను చూశాను. ఒక్కొక్కటిగా లెక్కపెట్టుకోవచ్చు, అంత నెమ్మదిగా పోయాయి. నీకు అది చూపించలేకపోవడం ఒక్కటే నాకున్న బాధ. వాడి వకీలు లోపలి నుంచి వచ్చి చెవిలో ఏదో చెప్పాడు. అప్పుడు మొహం తెల్లబడింది. మా వకీలు మాకు మామూలు గొంతుతోనే చెప్పాడు: యాక్సిడెంట్ కేసును హత్య కింద మార్చమని పోలీసులు అర్జీ పెడుతున్నారట, కాక మాట మీద. ఇక బెయిలు అంత తేలిక కాదట.

తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో వకీలు మాట గుర్తుచేశాను. పద్నాలుగు రోజులకొకసారి వాడిని తెస్తారట. అమ్మ వెంటనే, "నేను గూడ వస్త. ఎదురు బెంచి మీద కూసుంట. టిఫిను కట్టుకొని పోదం" అంది.

"అమ్మా, వాన్ని క్షమించలేదా మరి? రోజూ ప్రార్థన చేస్తవు గదా?"

అమ్మ కొంగు సర్దుకుంది.

"క్షమించిన రా. ఎప్పుడో క్షమించిన. అయితే ఏంది, సూడొద్దా?"

ఇట్లు,
వచ్చే వాయిదాకు పులిహోర బాధ్యత అప్పగించబడిన,
ఎలీషా